మంచూరియా అనే తద్భవం



ఈ పుటలో ఏమైనా వ్రాసి చాలా నెలలైంది. కంటి శస్త్రచికిత్స ఒకటి, కొబ్బరి దింపుల పని మరొకటి నన్ను కంప్యూటరు ముందు కూర్చోనీయలేదు. ఇప్పుడు పనిగట్టుకుని కూర్చోబెట్టినవాడు న్యూజెర్సీలో ఏడవ తరగతి చదువుతున్న మా మనుమడు.

మొన్న ఆదివారం వీడియోలో మాట్లాడుతూ వాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, మంచూరియా అసలు చైనావాళ్ళది కాదట కదా! మా క్లాసులో చైనా అబ్బాయి ఉన్నాడు. వాడికి ఆ పేరే తెలీదు. వాళ్ళమ్మకి కూడా తెలీదట. మరి అది ఎవరిది?"

నేను ఆలోచించకుండా, "అది ఉత్త నకిలీ వంటరా. చైనా పేరు పెట్టి మనవాళ్ళు అమ్ముకుంటున్నారు" అన్నాను.

వాడు కాసేపు ఊరుకుని, "నకిలీదైతే అంత బాగుంటుందా తాతయ్యా?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ముప్పయి ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాడిని, పన్నెండేళ్ళ కుర్రవాడి ముందు తడబడ్డాను. అంతకన్న బాధించినది మరొకటి ఉంది. ఈ 'నకిలీ', 'పరాయి' అనే తీర్పు నేను తొందరపడి ఇవ్వడం ఇది రెండవసారి. మొదటిసారి ఇచ్చినప్పుడు ఒక కుటుంబం కూటికి దెబ్బ తగిలింది. ఆ సంగతి ఈ టపాలోనే ముందు ముందు చెబుతాను. ముందుగా మనుమడి ప్రశ్న.

తెలుగు పండితుడికి ఏ సందేహం వచ్చినా వ్యాకరణం వైపే చూపు పోతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగు పదజాలాన్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు విధాలుగా విభజించాడు. సంస్కృత పదం మన విభక్తి చేర్చుకుని ఉన్న రూపంతోనే నిలిస్తే తత్సమం. మన నోట నలిగి, మన ఉచ్చారణకు తగినట్లు మారితే తద్భవం. 'శ్రీ' సిరి అయింది. 'భక్తి' బత్తి అయింది. 'యాత్ర' జాతర అయింది. తద్భవాన్ని వికృతి అని కూడా అంటాం గనుక అదేదో చెడిపోయిన మాట అని పిల్లలు పొరబడుతుంటారు. డప్పులు మ్రోగుతుండగా అమ్మవారి జాతరలో నిలబడి, "ఇది చెడిపోయిన యాత్ర" అని అనగలమా? జాతరకు దాని అర్థం దానికుంది, దాని సందడి దానికుంది. అంతెందుకు, రూపం మారని మాటకు కూడా మన కోనసీమలో అర్థం మారింది. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి వెళ్ళేవారెవరూ స్నానఘట్టం కోసం వెదకరు.

వంటలకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుందని నా అభిప్రాయం. మంచూరియా ఒక తద్భవం. అమెరికాలో చైనీయుల వంట కథ చదివిన తరువాత ఈ అభిప్రాయం నాలో మరింత బలపడింది. ఆ కథలో వంటకు దక్కిన ఆదరం ఒకటి, దాన్ని వండిన మనుషులకు దక్కిన మర్యాద మరొకటి. నన్ను ఈ టపాకు పురికొల్పినది ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే.

కాలిఫోర్నియాలో బంగారం బయటపడిన రోజులలో దక్షిణ చైనాలోని క్వాంగ్‌టుంగ్ ప్రాంతం నుండి పడవలెక్కి వేలమంది అక్కడికి చేరారు. 1849 నాటికే శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయుల భోజనశాల ఉండేది. తరువాత ఆ ఖండం ఈ దరినుండి ఆ దరికి వేసిన రైలుమార్గంలో పడమటి భాగాన్ని ప్రధానంగా నిర్మించినవారు చైనా కూలీలే. 1869లో ఆ మార్గం పూర్తయింది. కొండలు తొలిచినంతకాలం వారు కావలసినవారు. పని పూర్తయ్యాక కూలిరేట్లు దిగజార్చేవారని, అశుచి జనమని, ఎలుకలు తింటారని ప్రచారం మొదలైంది. 1882లో చైనా శ్రామికులు దేశంలోకి రాకూడదని చట్టమే చేశారు. 1885లో వ్యోమింగ్‌లోని రాక్‌స్ప్రింగ్స్ అనే గనుల ఊరిలో తెల్లజాతి కార్మికులు 28 మంది చైనా కార్మికులను చంపి, వారి ఇళ్ళు తగులబెట్టారు.

సరిగ్గా ఈ కాలంలోనే చైనా వంటకు అమెరికాలో ఆదరం మొదలుకావడం విచిత్రం. 1896లో చైనా రాజప్రతినిధి లీ హుంగ్ చాంగ్ న్యూయార్కు వచ్చినప్పుడు పత్రికలు ఆయన తిన్నదీ తాగినదీ వివరంగా వ్రాశాయి. ఆయన వంటవాడే 'చాప్‌స్యూయీ' అనే వంటకాన్ని అప్పటికప్పుడు కల్పించాడని ఒక కథ పుట్టింది. ఆయన దాన్ని తిన్నట్లు ఆధారం లేదు. ఆ మాటకు చైనీయుల నుడిలో 'కలగలుపు ముక్కలు' అని అర్థం. మన ఇళ్ళలో మిగిలిన నాలుగు రకాల కూరగాయముక్కలు కలిపి చేసే కలగూర వంటిదన్నమాట. అమెరికనుల నోటికి తగినట్లు అందులో మాంసం, ఉల్లి, మొలకెత్తిన గింజలు వేసి, చిక్కని పులుసు పోశారు. నాటకం చూసి అర్ధరాత్రి ఇంటికి వెళ్ళేవారు, జేబులో ఎక్కువ డబ్బు లేనివారు ఆ హోటళ్ళకు అలవాటు పడ్డారు. ఎడ్వర్డ్ హాపర్ అనే చిత్రకారుడు 1929లో అటువంటి హోటలులో కూర్చున్న ఇద్దరు స్త్రీలను చిత్రించి, ఆ చిత్రానికి 'చాప్‌స్యూయీ' అనే పేరు పెట్టాడు. 2018లో అది వేలంలో సుమారు 9 కోట్ల 19 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

అన్ని హోటళ్ళు ఎలా వెలిశాయన్నదానికి కేవలం రుచి సమాధానం కాదు. ఇతర వృత్తులలో చైనీయులను రానీయనందున బట్టలు ఉతకడం, వంట చేయడం వంటి పనులే వారికి మిగిలాయి. పైగా నిషేధ చట్టంలో వర్తకులకు మినహాయింపు ఉండేది. 1915లో ఒక న్యాయస్థానం హోటలు యజమానిని కూడా వర్తకుడిగా పరిగణించవచ్చునని తీర్పు చెప్పింది. దానితో హోటలు పెట్టడమంటే సొంత ఊరికి వెళ్ళి తిరిగి రాగలగడం, అయినవారిని తెచ్చుకోగలగడం అన్నమాట. బంధువులు తలా కొంత సొమ్ము వేసుకుని హోటళ్ళు తెరిచారు. ఆ దేశం వారికి తలుపు మూసింది. వారు వంటింటి తలుపు గుండా లోపలికి వచ్చారు. ఆ చట్టం రద్దయినది 1943లో. అప్పుడు కూడా ఏడాదికి 105 మందికి మాత్రమే ప్రవేశం.

1965లో అమెరికా వలస చట్టం మారింది. జాతిని బట్టి కోటాలు విధించే పద్ధతి పోయింది. తైవాను, హాంకాంగుల నుండి కొత్త వంటవాళ్ళు, కొత్త రుచులు వచ్చాయి. మన తెలుగు డాక్టర్లకూ ఇంజనీర్లకూ తలుపు తెరిచినది కూడా ఆ చట్టమే. మా అబ్బాయి నేడు న్యూజెర్సీలో ఉన్నాడంటే దానికి మూలం అందులో ఉంది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ పెకింగ్ వెళ్ళి పుల్లలతో విందు ఆరగిస్తుంటే అమెరికనులు టెలివిజనులో చూశారు. ఆ తరువాత 'అసలైన' చైనా వంట కావాలని ఎగబడ్డారు. వారికి దొరికినది జనరల్ త్సో కోడికూర. దాన్ని కల్పించిన పెంగ్ చాంగ్‌కువేయి హునాన్ ప్రాంతంలో పుట్టి తైవానులో స్థిరపడిన వంటవాడు. న్యూయార్కు చేరేసరికి దానికి తీపీ కరకరా వచ్చి చేరాయి. పేరు మాత్రం హునాన్ సేనాపతిది. భోజనం చివర జాతకపు చీటీ పెట్టి ఇచ్చే బిస్కట్టు జపాను నుండి వచ్చినది. 1942లో అమెరికాలోని జపనీయులను శిబిరాలలో నిర్బంధించిన తరువాత ఆ వ్యాపారం చైనీయుల చేతికి వచ్చింది. జెన్నిఫర్ లీ అనే రచయిత్రి 2008లో ప్రచురించిన పుస్తకంలో అమెరికాలో చైనీయుల హోటళ్ళు సుమారు నలభై వేలని, అక్కడి ప్రసిద్ధ బర్గరు దుకాణాల శాఖలన్నీ కూడినా అంత సంఖ్య రాదని వ్రాసింది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. 1968లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన లేఖ ఆధారంగా, చైనా హోటలులో తింటే మెడ తిమ్మిరెక్కుతుందని, దానికి కారణం అజినమోటో అని లోకమంతా నమ్మింది. 'చైనా హోటలు జబ్బు' అనే పేరే నిఘంటువుకెక్కింది. తరువాత జరిగిన పరీక్షలు ఆ భయాన్ని బలపరచలేదు. ఆ పదార్థాన్ని 1908లో కనిపెట్టినది జపాను శాస్త్రవేత్త ఇకెడా. దానిలోని రుచిమూలం టమాటాలో సహజంగానే ఉంది. ఇది చదివినప్పుడు సిగ్గుపడ్డాను. తరగతిలో పిల్లలకు 'అజినమోటో చైనా విషం' అని అనేకసార్లు చెప్పినవాడిని నేనే. అది చైనాది కాదు, విషమూ కాదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. చైనాతో మనకు పరిచయం నేటిది కాదు. కాళిదాసు శాకుంతలంలోనే చీనాంశుకం ప్రస్తావన ఉంది. ఏడవ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ మన ధాన్యకటకానికి వచ్చాడు. ఉదయం లేవగానే మనం తాగే 'టీ' ఆ దేశపు తీర ప్రాంతంలోని 'తే' అనే మాట నుండి వచ్చినది. ఉత్తరాదివారి 'చాయ్' కూడా ఆ దేశపు మాటే. మన పండితులు తేనీరు అని ఎంత చక్కగా తెలుగు చేసినా మొదటి అక్షరం చైనాదే.

బ్రిటిషువారి కాలంలో కలకత్తా చేరిన చైనీయులలో హక్కా జాతివారు ఎక్కువమంది తోళ్ళు ఊనే వృత్తిలో స్థిరపడ్డారు. టాంగ్రా వారి పేట. వారి వంటకు మన పచ్చిమిర్చి, మన వెల్లుల్లి తోడయ్యాయి. కలకత్తాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో పనిచేస్తూ, కొత్తది ఏదైనా చేసిపెట్టమని అడిగినవారికి కోడిమాంసం ముక్కలు వేయించి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి పోపులో గరం మసాలాకు బదులు సోయా సాసు పోసి, మొక్కజొన్న పిండితో చిక్కబరచి వడ్డించాడని, మంచూరియన్ పుట్టుక అదేనని చెబుతారు. కోడి స్థానంలో గోబీ పువ్వు, తరువాత మన బండ్ల మీద క్యాబేజీ తురుము చేరాయి. మన పునుకు నల్లపులుసులో మునిగిందనుకోండి.

ఇక పేరు సంగతి. ఇంగ్లీషులో అది 'మంచూరియన్', హలంతం. మన భాష అజంతం. హల్లుతో ముగిసే మాట మన నాలుకకు గిట్టదు. కనుక చివరి నకారం జారిపోయి 'మంచూరియా' అయింది. విశేషణం పోయి సాక్షాత్తు దేశం పేరే మిగిలింది. మా బడిలో సోషల్ మాస్టారు 1931లో జపాను ఆక్రమించిన మంచూరియా ఎక్కడ ఉందో చెప్పమంటే, వెనుక బెంచీ నుండి ఒకడు "బస్టాండు దగ్గర బండి మీదండి" అన్నాడు. ఆనాడు వాడికి గోడకుర్చీ పడింది. ఈనాడు ఆలోచిస్తే, తెలుగువాడికి సంబంధించినంతవరకు వాడు చెప్పినదే సరైన సమాధానమేమో! ఇంకో తమాషా. మన పట్టణాల హోటళ్ళ పట్టికలలో 'అమెరికన్ చాప్‌స్యూయీ' ఉంటుంది. అమెరికావాడు చైనాదనుకుని తినే వంటను మనం అమెరికాదనుకుని తింటున్నాం. పాపం, ఆ పేర్లతో చైనాలో అడిగితే ఎవరూ ఆనవాలు పట్టరు.

నవ్వుకోవడానికి ఇది చాలు. కానీ కథలో రెండవ సగం మన దేశంలో కూడా ఉంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన చైనా సంతతివారిని అస్సాం, బెంగాల్ ప్రాంతాల నుండి రైళ్ళెక్కించి రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో నిర్బంధించారు. వృద్ధులు, పసిపిల్లలు కలిపి సుమారు మూడువేల మంది. కొందరు అక్కడ సంవత్సరాల తరబడి ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఇళ్ళూ దుకాణాలూ పరుల పాలయ్యాయి. ఎందరో కెనడా వెళ్ళిపోయారు. నేడు టొరంటోలో 'హక్కా' పేరుతో చిల్లీ చికెన్, మంచూరియా అమ్మే హోటళ్ళు వారు వేసిన బాటలోనివే. అక్కడికి వలస వెళ్ళిన భారతీయులు వాటికి వెదుక్కుంటూ వెళ్తారు. మనం వెళ్ళగొట్టిన మనిషి చేతివంట కోసం మనమే సముద్రాలు దాటి వెళ్ళి వరుసలో నిలబడుతున్నామన్నమాట.

ఇది మనకు తెలియని బాధ కూడా కాదు. యానాం దాటితే కోరంగి రేవు. ఆ రేవు నుండి ఓడలెక్కి మన గోదావరి జిల్లాలవారు రంగం వెళ్ళేవారు. బర్మీయులు తెలుగువారిని కోరంగీలు అనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి పనికి వచ్చేసరికి ఘర్షణ చెలరేగి ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 'కూలిరేట్లు దిగజార్చే పరాయివాళ్ళు' అని కాలిఫోర్నియాలో చైనావారిని అన్న మాటనే రంగంలో మనవారిని అన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేథాలో ఒక తెలుగు ఇంజనీరును 'నా దేశం విడిచి పో' అంటూ కాల్చి చంపిన వార్త విన్న రాత్రి ఈ కోనసీమలో ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరలేదో నాకు తెలుసు. మా ఇల్లు వాటిలో ఒకటి. ఆ ఊళ్ళలో కూడా మన బిరియానీకి గిరాకీ ఉంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మా అప్పనపల్లికి బాలబాలాజీ దర్శనానికి శనివారాలలో జనం బాగా వస్తారు. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు (పేరు అనవసరం) హైదరాబాదులో ఒక నేపాలీ వంటవాని దగ్గర ఆరేళ్ళు పనిచేసి, 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి చేరాడు. జూన్ మొదటి వారంలో అప్పుచేసి బండి పెట్టాడు. ఎర్రరంగు మీద పచ్చని డ్రాగన్ బొమ్మ, 'చైనీస్ ఫాస్ట్ ఫుడ్' అని అక్షరాలు. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు ఇరవై మంది అమరులయ్యారు. వారికి నాయకుడైన కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడు. ఆ ఇంటిముందు దృశ్యాలు టీవీలో చూసి కన్నీరు పెట్టనివారు లేరు. ఆ వారంలోనే కేంద్రమంత్రి రాందాస్ అఠావలే చైనా వంటకాలు అమ్మే హోటళ్ళను నిషేధించాలని అన్నారు. నా రక్తం కూడా ఉడికింది. మరో ఇద్దరిని వెంటబెట్టుకుని బండి దగ్గరకు వెళ్ళాను.

"నీకు సిగ్గు లేదట్రా? ఆ బొమ్మ తీసెయ్. ఆ తిండి అమ్మడం మానెయ్" అన్నాను.

కుర్రవాడు గరిట పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. "ఆయ్, తీసేస్తానండి మాస్టారూ. కానండి, ఇందులో చైనా ఏటుందండి? క్యాబేజీ మన సంతలోదండి. సాసు సీసా మీద ఢిల్లీ అని రాసుందండి. నేర్పినోడు నేపాలోడండి. చేసేది నేనండి" అన్నాడు.

నేను వినిపించుకోలేదు. గురువు మాటకు ఎదురు చెప్పకూడదని వాడు ఆ సాయంత్రమే సున్నం తెచ్చి బొమ్మ మీద పూసేశాడు. ఈలోపల ఎవరో ఆ బండి ఫోటో తీసి 'చైనా బండి' అని వాట్సాపులో పంపారు. రెండు వారాలలో బండి మూతపడింది. ఒకరోజు వాడి తల్లి మా అరుగు దగ్గరకు వచ్చి నిలబడింది. "మీరు సెప్పారని మానేశాడండి మాస్టారూ. వడ్డీ కట్టాలండి. ఇప్పుడేం సెయ్యమంటారో మీరే సెప్పండి" అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే సలహా అడిగింది. నా దగ్గర సలహా లేదు. సంతోష్‌బాబు ఆత్మశాంతికి ఆ కుర్రవాడి అప్పు ఏ విధంగా ఉపకరించిందో ఆలోచించుకుంటే నాకు నిద్ర పట్టలేదు. సరిహద్దులో సైన్యం మీద వచ్చిన కోపాన్ని చేతికందిన మూకుడు మీద చూపించాను.

అదే సంవత్సరం ఆరంభంలో, అమెరికాలో కరోనా ఇంకా పాకకముందే, న్యూయార్కులోని చైనా పేట హోటళ్ళకు జనం వెళ్ళడం మానేశారు. తరువాత వీధులలో చైనా ముఖం కనబడితే తిట్టారు, కొట్టారు. ఆ వార్తలు చదివి 'ఎంత మూర్ఖులు' అనుకున్నవాడిని. అప్పనపల్లిలో నేను చేసినది దానికి దూరపు చుట్టమైనా కాదా?

కొందరు మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పవచ్చు. మొదటిది ఆరోగ్యం. మరిగిన నూనెనే మళ్ళీ మరిగించడం, కృత్రిమ రంగులు కలపడం తప్పే. 2024లో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది కూడా. మనం కూడా నిలదీయవలసినదే. కానీ అది రంగు మీద ఫిర్యాదు, నూనె మీద ఫిర్యాదు. జాతి మీద కాదు. అదే నూనెలో వేగిన మిరపకాయబజ్జీని మనం ఏ దేశద్రోహం కింద జమకట్టం.

రెండవది, మన వంటలు పోతున్నాయన్న బాధ. ఇది నాకూ ఉంది. పనసాకు బుట్టలలో ఉడికే పొట్టిక్కలు తెలిసిన పిల్లలు ఎందరున్నారు? పనసపొట్టు కొట్టే ఓపిక ఎవరికుంది? అయితే వాటిని మంచూరియా చంపలేదు. మనం వండడం మానాం, పిల్లలకు పెట్టడం మానాం. నిజానికి పరాయి రుచిని తరిమివేయాలంటే మొదట పోవలసినది మిరపకాయ. కొలంబసు ప్రయాణాల తరువాత పోర్చుగీసువారి వెంట అమెరికా ఖండం నుండి వచ్చిన కాయకు మన పూర్వులు మిరియాన్ని తలుచుకుని పేరు పెట్టుకున్నారు. తెచ్చినవారు వెళ్ళిపోయారు. తువాలు, మేస్త్రీ వంటి వారి మాటలతోపాటు కాయ మిగిలింది. ఆ కాయే చైనాలో సెచువాన్ వంటకు కారమైంది. నేడు ఆవకాయ మన ఆత్మగౌరవ చిహ్నం. నాలుగు వందల ఏళ్ళ క్రితం ఎవరో ఒక మాస్టారు బండి దగ్గరకు వెళ్ళి 'ఆ పరాయి కాయ తీసెయ్' అనలేదు గనుక మనకు ఆవకాయ దక్కింది.

కనుక నా అభిప్రాయం ఇది. ఒక దేశపు వంట మరొక దేశంలో వ్యాపించడాన్ని చూసి ఆ దేశం విశాల హృదయం కలదని మురిసిపోనక్కరలేదు. అమెరికా చాప్‌స్యూయీ తింటూనే చైనీయుణ్ణి రానీయలేదు. మనం నూడిల్స్ తింటూనే దేవళీకి రైలు నడిపాం. నాలుక చాలా ఉదారమైనది, అది త్వరగా ఒప్పుకుంటుంది. మనసు ఒప్పుకోవడానికి చట్టం మారాలి, తరాలు మారాలి, ఒక్కొక్కప్పుడు అరుగు దగ్గరకు ఒక తల్లి రావాలి. ఇక తద్భవాన్ని నకిలీ అనడం భాషలో ఎంత తప్పో వంటలోనూ అంతే తప్పు. వలస వెళ్ళినవాడు తన రుచిని అక్కడి నోటికి తగినట్లు మార్చుకుంటాడు, ఎందుకంటే వాడు అక్కడ బ్రతకాలి. ఆ మార్పులో వాడి కష్టం ఉంది. దాన్ని నకిలీ అన్నప్పుడు మనం కొట్టివేస్తున్నది ఆ కష్టాన్ని. మన పిల్లలు అమెరికాలో పెసరట్టును అక్కడి పిండితో, అక్కడి పెనం మీద వేసుకుంటున్నారు. అది నకిలీ పెసరట్టు అని వారితో అనే ధైర్యం నాకు లేదు.

ఆ కుర్రవాడు మరుసటి సంవత్సరం మళ్ళీ బండి పెట్టాడు. ఈసారి బోర్డు 'బాలాజీ ఫాస్ట్ ఫుడ్'. పళ్ళెంలో వడ్డించేది అదే మంచూరియా. ఊరివారికి అభ్యంతరం లేదు, నాకూ లేదు. మొన్న మనుమడితో మాట్లాడిన తరువాత సాయంత్రం అటు వెళ్ళాను. అరవై ఏళ్ళు దాటిన ఈ జన్మలో మొదటిసారి హాఫ్ ప్లేటు అడిగాను. వాడు కంగారుపడి ముక్కాలి పీట తుడిచి వేశాడు. పైన కరివేపాకు వేయించి చల్లాడు. కారం కాస్త ఎక్కువే. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చాను. 2020 నాటి సంగతి ఎత్తి, తప్పు నాదేనని చెప్పాను. "ఊరుకోండి మాస్టారూ, ఇంకో ప్లేటు ఎయ్యమంటారేటండి?" అన్నాడు.

ఇంటికి వచ్చి మనుమడికి కబురు పంపాను: "నకిలీ అన్నది నా పొరపాటురా. ఆ వంట కలకత్తాలో పుట్టిన చైనావాడిది, నేపాలీవాడిది, మన అప్పనపల్లి కుర్రవాడిది. ఈసారి మీ ఇంట్లో చేసినప్పుడు ఆ చైనా అబ్బాయిని పిలిచి పెట్టు." వాడు ఇంకా జవాబు పంపలేదు. అక్కడ వాడికి పరీక్షలు.

మీ ఊళ్ళలో ఇటువంటి తద్భవ వంటలేమైనా ఉంటే, వాటి వెనుక మనుషుల కథలు తెలిసి ఉంటే వ్యాఖ్యలలో వ్రాయవలసిందిగా కోరుతున్నాను. టైపు దోషాలుంటే మన్నించి తెలియజేయగలరు. చూపు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు.

స్వస్తి.